మూడో ఇంటి నిశ్శబ్దం

ఆఫీసులో ఆమెను అందరూ చెవులమ్మ అనేవారు. ఆ పేరు పెట్టింది పెద్దసారే. పక్కగదిలో ఫ్యాను బేరింగు అరిగిపోతోందని మెకానిక్ కంటే ముందే ఆమె పసిగట్టినప్పుడు నవ్వుతూ అన్న మాట, అలాగే అతుక్కుపోయింది. ఆమె పని చప్పుళ్ళు కొలవడం. ఎక్కడైనా గాలిమరలు నిలబెట్టాలంటే ముందు ఆ చుట్టుపక్కల ఇళ్ళ దగ్గర రాత్రిపూట ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో కొలవాలి. మరలు తిరగడం మొదలైతే దాని మీద ఎంత చప్పుడు పెరుగుతుందో లెక్కకట్టాలి. నివేదిక రాసి సంతకం పెట్టాలి. ఆ నివేదిక లేనిదే ప్రభుత్వ బోర్డు అనుమతి ఇవ్వదు.

గుట్ట మీద పదకొండు మరలు పెట్టే ప్రాజెక్టుకు విచారణ గురువారం ఉదయం పది గంటలకు. మంగళవారం మధ్యాహ్నం కంపెనీ తరఫు లాయరు ఫోన్ చేసింది.

“బోర్డు వాళ్ళకి డెసిబెల్స్ గురించి ఎంత చెప్పినా ఏం అర్థమవుతుందండీ? ముప్పై అయిదు, నలభై అంటే చెప్పుల సైజులనుకుంటారు. ఒక్క నిమిషం రికార్డింగు వినిపిద్దాం. మీరు కొలిచిన ఏడిళ్ళలో గుట్టకి అన్నిటికంటే దగ్గరున్నది మూడో ఇల్లే కదా, దాన్ని తీసిపెట్టండి. ఇదిగో ఇంత ప్రశాంతంగా ఉంటుంది, దీని మీద ఇంతే పెరుగుతుంది అంటే చాలు.”

“అలాగేనండీ” అంది చెవులమ్మ.

అది పది నిమిషాల పని. కిటికీ మూసి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, అయిదో రోజు రాత్రి రెండు గంటల పది నిమిషాల దగ్గర మొదలుపెట్టింది. ఆ వేళ గాలి దాదాపు లేదు. ఎండుటాకు ఒకటి నేల మీద జరిగింది. కీచురాయి ఒకటి అరిచి మానేసింది. ఆవు ముక్కుతో గాలి వదిలింది. వాటన్నిటి కిందా ఇంకేదో ఉంది. గుంయ్‌మని, ఎడతెగకుండా.

తన కంప్యూటరు చప్పుడేమోనని దాన్ని జరిపి చూసింది. హెడ్‌ఫోన్లు మార్చింది. పోలేదు. ముందుకు జరుపుతూ వింది. కాసేపటికి టక్కుమని ఆ గుంయ్ ఆగిపోయింది. ఆగాక వచ్చిన నిశ్శబ్దం ఎంత లోతుగా ఉందంటే, ఆవు మెడ తిప్పితే గొలుసులో ఒక్కొక్క లింకూ కదలడం విడివిడిగా వినిపించింది. ఆ తర్వాత అయిదారు నిమిషాలకు మళ్ళీ గుంయ్.

ఆరో రాత్రి తీసింది. ఏడో రాత్రి తీసింది. మొదటి రాత్రి తప్ప మిగతా పదమూడు రాత్రులూ అంతే. ఏదో యంత్రం. పావుగంట తిరగడం, కాసేపు ఆగడం, మళ్ళీ తిరగడం.

దాని అర్థం ఏమిటో ఆ గదిలో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. నిబంధన చాలా చిన్నది. మరలు తిరిగినప్పుడు ఏ ఇంటి దగ్గరా రాత్రి నిశ్శబ్దం కన్నా అయిదు డెసిబెల్స్ మించి పెరగకూడదు. మూడో ఇంటి నిశ్శబ్దం ముప్పై అయిదని ఆమె రాసింది. కాబట్టి హద్దు నలభై. మరల చప్పుడు ముప్పై ఎనిమిది వస్తుందని లెక్క తేలింది, పాసైంది. ఇప్పుడు ఆ యంత్రం ఆగిన నిమిషాలు మాత్రమే ఏరి చూస్తే నిశ్శబ్దం ఇరవై ఎనిమిది. హద్దు ముప్పై మూడుకు దిగిపోతుంది. గుట్టకు ఇటు వాలులో ఉన్న నాలుగో మరా, అయిదో మరా రెండూ పనికిరావు.

ఫారం తెరిచింది. ‘చుట్టుపక్కల యంత్రాలు’ అన్నచోట ‘లేవు’ అని తన చేతిరాతే. అది అప్పటికి నిజమే. ఇంటాయన్ని అడిగే రాసింది. దాని కింద ఇంకో గడి ఉంది: ‘కొలిచే రోజుల మధ్యలో వెళ్ళి పరికరాన్నీ పరిసరాలనీ చూశాను.’ ఎదురుగా టిక్కు. పక్కన తన సంతకం. దాని పక్కన పెద్దసారు సంతకం.

ఆమె వెళ్ళలేదు.

వెళ్ళలేదు అంటే, సగం వెళ్ళింది. ఆ రోజు వాన పడి ఆగింది. మిగతా ఆరు ఇళ్ళూ తిరిగి, ఫొటోలు తీసుకుని, మూడో ఇంటి మలుపు దగ్గరికి వచ్చేసరికి మట్టిదారి బురద బురదగా ఉంది. నాన్నను ఆస్పత్రికి తీసుకెళ్ళే టైమవుతోంది. కారులోంచే ఫోన్లో చూస్తే పరికరం సిగ్నల్ పచ్చగా వెలుగుతోంది. పనిచేస్తోంది కదా, ఇంకేం కావాలి అనుకుని కారు వెనక్కి తిప్పింది. సాయంత్రం ఆఫీసులో ఏడు ఫారాల మీదా వరసగా టిక్కులు పెట్టేసింది. ఆ టిక్కు పెడుతున్నప్పుడు మనసులో కాస్త పీకిన మాట నిజమే. పీకిందని ఆపలేదు.

ఆ సాయంత్రం ఎవరికీ ఏమీ చెప్పలేదు. తేలు కుట్టిన దొంగలా ఇంటికి వెళ్ళింది.

*

బుధవారం పొద్దున్నే బయల్దేరి మూడో ఇంటికి వెళ్ళింది. దారి ఎండిపోయి గట్టిగా ఉంది. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ అయిదు నిమిషాలే ఆ రోజు తను నడవనివి.

ఆ ఇంటావిడ కొట్టం కడుగుతోంది. నలభై దాటిన మనిషి, పది ఆవుల పాడి. చెవులమ్మను చూసి పైపు కింద పడేసి వచ్చింది.

“ఏమ్మాయ్, మళ్ళీ కర్ర పాతడానికొచ్చావా?” అంది. మైకు పెట్టిన స్తంభాన్ని ఆమె కర్ర అనే అనేది.

“లేదక్కా, ఊరికే ఒకటి అడుగుదామని. నేను మైకు పెట్టినప్పుడు ఇక్కడేమైనా మోటారుగానీ, యంత్రంగానీ నడిచిందా?”

“నువ్వు పెట్టిన్రోజు లేదు. పెట్టిన మర్నాడొచ్చింది మహాతల్లి!” ఆమె కొట్టం మూలకు చూపించింది. సిమెంటు నేల మీద నాలుగు బోల్టుల గుర్తులు, తుప్పు మరకతో సహా ఉన్నాయి. “పాల కేంద్రంలో చల్లబరిచే ట్యాంకు చెడిపోయిందని, ఇంకోటి తెచ్చి మా కొట్టంలో పెట్టారు. బాగుచేసేదాకా ఉండనీ అన్నారు. మూడు వారాలు! రాత్రీ పగలూ ఒకటే రొద. మా అత్తమ్మకి అసలే కునుకు తక్కువ. మనిషి సగమైపోయింది. తీసుకుపోయిన్రోజు దిష్టి తీసినంత పనైంది మాకు.”

చెవులమ్మ ఆ బోల్టు గుర్తుల వైపు చూసింది. మైకు స్తంభం పాతిన గుంట అక్కడికి పది అడుగులు కూడా లేదు. పడకగది అవతలి వైపు ఉంది. అటువైపే పెట్టాలి నిజానికి. ఇటు గుంజ ఉంది, వైరు కట్టుకోవడానికి వీలు అని ఇటు పెట్టింది.

“ఎందుకడుగుతున్నావ్? ఏమన్నా తేడా వచ్చిందా?”

“చూస్తున్నానక్కా.”

“మా మరిది చేలో నాలుగో మర పెడతారంట కదా. కౌలు డబ్బులొస్తాయని ఆయన సంబరం చూడాలి నువ్వు! ఎవరింటికెళ్ళినా అదే మాట.” ఆమె చేతులు చీరకు తుడుచుకుంటూ కాస్త దగ్గరికి వచ్చింది. “మా ఆయనకీ నాకూ కొంచెం భయంగానే ఉండేది. అభ్యంతరం ఉంటే రాసివ్వండని కాగితం వచ్చింది. రాద్దామా అనుకున్నాం. ఈలోగా నీ లెక్క వచ్చింది. ఏమీ ఫరవాలేదని రాశావంట కదా? చదువుకున్న పిల్ల, పద్నాలుగు రోజులు పెట్టి కొలిచింది, ఇంకేంటి అనుకుని ఊరుకున్నాం. గడువు కూడా అయిపోయిందిలే.”

అయిపోయి పది రోజులు. ఆ సంగతి చెవులమ్మకు తెలుసు.

“టీ తాగి వెళ్ళు.”

“వద్దక్కా, పనుంది” అంది.

లోపలి నుంచి ముసలావిడ గొంతు “ఎవరే?” అంది. “మన చప్పుడు కొలిచిన అమ్మాయి అత్తమ్మా!” అని ఇంటావిడ అరిచి చెప్పింది. “మంచిది, మంచిది” అంది లోపలి గొంతు.

*

పెద్దసారు ఆమె చెప్పినదంతా విన్నాడు. మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. అదే ఆమెను భయపెట్టింది. ఆయన మామూలుగా ఎవరినీ మాట పూర్తి చేయనివ్వడు. ఇరవై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్న మనిషి. ఆఫీసు ఆయనది, మీటర్లు ఆయనవి, బయట బోర్డు మీద ఉన్న పేరు ఆయనది.

“మీటరు అబద్ధం చెప్పలేదు కదమ్మా” అన్నాడు చివరికి. “ఆ రాత్రుళ్ళు అక్కడ అంత చప్పుడుంది. ఉన్నది కొలిచాం. ఉన్నది రాశాం.”

“ఇప్పుడు లేదు సార్. మైకు పెట్టిన్రోజూ లేదు. ముందూ లేదు.”

“మధ్యలో వెళ్ళి చూశావు కదా. అప్పుడు వినపడలేదా?”

పెద్దసారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

“ఒక్క మాట చెప్పు. వెళ్ళావా, లేదా?”

“లేదు సార్.”

బయట వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేస్తున్నారు. అది నాలుగుసార్లు దగ్గి అయిదోసారి అందుకుంది.

“ఒక టిక్కు తప్పని తేలితే,” అన్నాడు మెల్లగా, “నువ్వు పెట్టిన టిక్కులన్నీ తప్పేనంటారు. నేను సంతకం పెట్టిన కాగితాలన్నీ బయటికి లాగుతారు. ఆ గుట్ట ఒక్కటే కాదు, మనం కొలిచిన ప్రతి గుట్టా. మరలు వద్దనేవాళ్ళు ఎప్పుడెప్పుడా అని చూస్తున్నారు. వాళ్ళకి మనమే వడ్డించిన విస్తరి అవుతాం.”

ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. గాలిమరలంటే ఆమెకు ఇష్టం. ఈ పనిలోకి వచ్చింది కూడా అందుకే. అవి నిలబడాలనీ, అడ్డదారిన కాకుండా నిలబడాలనీ.

“రేపు ఏం చెప్పమంటారు సార్?”

“అడిగినదానికి జవాబు చెప్పు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. వాళ్ళు అడగందే నువ్వూ పెట్టకు.” నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు. “విచారణ అయ్యాక చూద్దాం. ముందు రేపు గడవనీ.”

ఆమె లేచి తన బల్ల దగ్గరికి వచ్చింది. రికార్డింగులో ఆ గుంయ్ లేని ఒక నిమిషం ముక్క ఏరడం పెద్ద కష్టం కాదు. యంత్రం ఆగినప్పటిది కోస్తే చాలు. బోర్డు వాళ్ళకు చాలా ప్రశాంతంగా వినిపిస్తుంది. చేయి మౌసు మీదకు వెళ్ళింది. ముక్క కోసింది కూడా. విని, తీసేసింది. మళ్ళీ కోసింది. అలా మూడుసార్లు అయ్యాక కంప్యూటరు మూసేసి ఇంటికి వెళ్ళిపోయింది.

*

ఇంట్లో ఆమె, నాన్న, ఇద్దరే. ఆయన ముప్పై ఏళ్ళు నేతమిల్లులో మగ్గాల మధ్య పనిచేశాడు. ఒక చెవి పూర్తిగా పోయింది, రెండోది కావలసినప్పుడు మాత్రం పనిచేస్తుందని ఆమె వేళాకోళం. భోజనాల దగ్గర ఇద్దరూ అరుచుకుంటూ మాట్లాడితే కింది వాటావాళ్ళు గొడవ పడుతున్నారనుకునేవారు.

“తినట్లేదేంటి?” అన్నాడు ఆయన.

“రేపు విచారణ నాన్నా!”

“విచారమా? దేనికి విచారం?”

ఆమెకు నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. ఆయన చెంచా కింద పెట్టాడు. మంచి చెవి ఇటు తిప్పాడు. ఇంక చెప్పక తప్పలేదు. ట్యాంకు సంగతి, బురద సంగతి, టిక్కు సంగతి అరిచి అరిచి చెప్పింది. సిగ్గుపడే మాటను అంత గట్టిగా చెప్పాల్సి రావడం గోరుచుట్టు మీద రోకటిపోటులా ఉంది. కింది వాటాలో టీవీ చప్పుడు తగ్గించినట్టు కూడా అనిపించింది.

ఆయన చాలాసేపు తలాడించాడు.

“మా మిల్లుక్కూడా ఒకాయన వచ్చేవాడు, నీలాగే పెట్టె పట్టుకుని” అన్నాడు. “మంచి మనిషి. అందరినీ పలకరించేవాడు. ఎప్పుడొచ్చినా మరమ్మతుల రోజే వచ్చేవాడు. సగం మగ్గాలు ఆగి ఉండేవి. ఆయన మాత్రం ఏం చేస్తాడు, ఏ రోజు రమ్మంటే ఆ రోజొచ్చాడు. కొలిచాడు, రాసుకున్నాడు, వెళ్ళిపోయాడు. చప్పుడు హద్దులోనే ఉందని గోడ మీద కాగితం అంటించారు.”

“నువ్వు ఎవరికీ చెప్పలేదా?”

“ఏంటి?”

“ఎవరికీ చెప్పలేదా అంటున్నా!”

“ఎవరికి చెప్తాం తల్లీ? కాగితం మీద ఉంది కదా.”

ఆయన మళ్ళీ భోజనంలో పడ్డాడు. నువ్వు ఇలా చెయ్, అలా చెయ్ అని ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండునని ఆమెకు అనిపించింది.

*

గురువారం తొమ్మిదింబావుకే ఆమె బోర్డు ఆఫీసు వరండాలో ఉంది. బల్ల మీద కూర్చోలేక, నిలబడలేక గోడమీది నోటీసులు ఒక్కటొక్కటే చదివింది. ఒక్క అక్షరం తలకెక్కలేదు. పెద్దసారు వచ్చి, దూరంగా కూర్చుని, పేపరు తెరిచి ఒకే పేజీ చూస్తూ ఉండిపోయాడు. గుట్ట మీద గబ్బిలాలు చచ్చిపోతాయని అభ్యంతరం పెట్టిన సైన్సు మాస్టారు పెద్ద సంచీతో వచ్చాడు. అందరికీ నమస్కారం చేశాడు.

లాయరు వచ్చింది. నలుపు కోటు చేతి మీద వేసుకుని, ఫైళ్ళు చంకలో పెట్టుకుని, గబగబా నడిచే మనిషి.

“రికార్డింగు తెచ్చారా?”

“తెచ్చానండీ. కానీ వినిపించకండి.”

ఎలా మొదలుపెట్టాలో దారంతా అనుకుంటూ వచ్చింది ఆమె. తీరా నోరు తెరిచేసరికి తోక ముందూ తల వెనకా అయింది. ముందు ట్యాంకు చెప్పింది, తర్వాత టిక్కు చెప్పింది, ఆ తర్వాత బురద చెప్పింది. లాయరు మొహంలో రంగు తగ్గుతూ వచ్చింది.

“ఇది ఇప్పుడా చెప్పడం?” గడియారం చూసుకుంది. “ప్రమాణం చేయకముందు చెప్పారు, అంతవరకూ నయం. తెలిశాక తెలియనట్టు మిమ్మల్ని బోనులో నిలబెట్టలేను. ఇదేమీ మీ మీద ప్రేమ కాదండోయ్, నా కోటు మీద ప్రేమ.”

ఫోన్ తీసి వరండా ఆ చివరి దాకా వెళ్ళింది. కంపెనీ వాళ్ళతో మాట్లాడుతోందని తెలుస్తూనే ఉంది. చేయి ఊపుతోంది, ఆగుతోంది, మళ్ళీ ఊపుతోంది. చెవులమ్మకు ఆ మాటలు వినబడలేదు. వినకూడదని కూడా అనిపించింది. తొమ్మిదీ నలభైకి లాయరు తిరిగి వచ్చింది.

“రెండు దారులున్నాయి” అంది. “ఒకటి, ఇవాళ వాయిదా అడుగుతాం. కారణం సాంకేతికం అంటాం. అంతకు మించి చెప్పనక్కర్లేదు. మళ్ళీ కొలిచి కొత్త నివేదిక పెడతాం. మీ టిక్కు సంగతి ఎవరూ అడగరు. కానీ పదకొండు మరలూ ఆగుతాయి. వానలొస్తే గుట్ట మీదికి రోడ్డు పడదు. ఏడాది పోయినట్టే.”

“రెండోది?”

“ఉన్నదున్నట్టు చెప్పడం. ఆ రెండు మరలు పక్కన పెట్టి మిగతా తొమ్మిదీ చూడమని నేను అడగొచ్చు. బోర్డు ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. కానీ ఆ రెండూ ఎందుకు పక్కన పెట్టాలి అంటారు. ఆ కారణం మీరు.” ఆమె గొంతు తగ్గించింది. “నేను చెప్తే పొరపాటు జరిగింది అని ముగిస్తాను. మీరు చెప్తే సంతకం దాకా లాగుతారు. కానీ నేను చెప్తే అంతగా నమ్మరు. ఆలోచించుకోండి. పావుగంట ఉంది.”

మొదటి దారి ఎంత మెత్తగా ఉందో! ఎవరికీ అబద్ధం చెప్పనక్కర్లేదు. ఊరికే ఉంటే చాలు. చెవులమ్మ పెద్దసారు వైపు చూసింది. ఆయన పేపరు మడిచి ఆమెనే చూస్తున్నాడు. ఆయనకు అన్నీ వినబడ్డాయో లేదో తెలియలేదు. పరుగున వెళ్ళి మొహం కడుక్కుని వచ్చింది. అద్దం చూసుకోలేదు.

“నేనే చెప్తానండీ” అంది.

*

విచారణ గది పొడుగ్గా ఉంది. ఒక చివర ఎత్తు మీద ముగ్గురు సభ్యులు. మధ్యలో అధ్యక్షురాలు, ఎడమవైపు రిటైరైన ఇంజనీరు, కుడివైపు ఎప్పుడూ నీళ్ళు తాగుతూ ఉండే ఒకాయన. జనం ముప్పైమంది దాకా ఉన్నారు. మూడో వరసలో మూడో ఇంటావిడ, ఆమె భర్త కూర్చుని ఉన్నారు. వాళ్ళు వస్తారని చెవులమ్మ అనుకోలేదు. వాళ్ళ పక్కనే ఇస్త్రీ చొక్కా వేసుకుని, జుట్టు నున్నగా దువ్వుకుని ఉన్న మనిషి ఆమె మరిది అయ్యుండాలి. తన చేలో మర లేవడం చూడ్డానికి పెళ్ళికి వచ్చినట్టు వచ్చాడు.

ఆమె ప్రమాణం చేసింది. మైకు కుయ్‌మంది. ఎవరో వచ్చి సరిచేశారు. లాయరు రెండే ప్రశ్నలు అడిగింది: మీ నివేదికలో సరిదిద్దవలసినది ఉందా? ఉంటే ఏమిటి?

చెవులమ్మ చెప్పింది. ఈసారి వరసలోనే చెప్పింది. పాల ట్యాంకు ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు పోయింది, అది ఉన్నప్పుడు ఎంత, లేనప్పుడు ఎంత. ముప్పై అయిదు కాదండీ, ఇరవై ఎనిమిది. నాలుగో మర, అయిదో మర హద్దు దాటుతాయండీ. గదిలో గుసగుస లేచింది. మరిది తల అన్నయ్య వైపు తిరగడం ఆమె చూసింది.

అధ్యక్షురాలు కాగితాలు తిరగేసింది. ఒకచోట ఆగింది.

“ఇక్కడ మధ్యలో వెళ్ళి చూశాననే గడి ఉంది. టిక్కు పెట్టి ఉంది. ట్యాంకు అప్పటికే ఉంది కదా? కనబడలేదా?”

“నేను వెళ్ళలేదండీ.”

“మరి టిక్కు?”

“నేనే పెట్టానండీ. వెళ్ళకుండానే పెట్టాను.”

కుడివైపు సభ్యుడు గ్లాసు సగంలో ఆపాడు. గదిలో ఎవరూ దగ్గలేదు. ఆమె బల్ల అంచు పట్టుకుంది. మూడో వరస వైపు చూడలేకపోయింది.

“మిగతా ఇళ్ళు?” అన్నాడు ఇంజనీరు.

“వాటికి వెళ్ళానండీ. తేదీతో ఫొటోలు ఉన్నాయి.”

“మూడో ఇంటికి ఫొటో లేదని పైన ఎవరూ చూడలేదా? రెండో సంతకం ఎందుకు పెడతారు మరి, అందానికా?”

నిజం చెబితే పెద్దసారు మెడకు చుట్టుకుంటుంది. మింగలేక కక్కలేక నిలబడి ఉండగా వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది.

“రెండో సంతకం నాదండీ” అన్నాడు పెద్దసారు లేచి నిలబడి. “ఫొటో చూడకుండా పెట్టాను. ఏడు ఫారాలు వరసగా ఉన్నాయి, ఏడూ పెట్టేశాను. ఆమెది ఒక్కదానిదే తప్పు కాదు.”

ఆయన మొహం ఎర్రగా ఉంది. కూర్చోమని ఎవరూ అనకముందే కూర్చున్నాడు.

*

మూడు వారాలకు బోర్డు ఉత్తర్వు వచ్చింది. తొమ్మిది మరలకు అనుమతి. నాలుగు, అయిదు మరలు ఆపి, వేరే సంస్థతో మళ్ళీ కొలిపించాలి. గబ్బిలాల మాస్టారి మాట కూడా కొంత నెగ్గింది; అవి ఎగిరే నెలల్లో సాయంత్రం రెండు గంటలు మరలు ఆపాలన్నారు. రెండోసారి కొలిస్తే మూడో ఇంటి దగ్గర ఇరవై ఏడున్నర వచ్చింది. కంపెనీ అయిదో మరను గుట్ట అవతలికి జరిపింది. నాలుగోదాన్ని వదిలేసుకుంది.

చెవులమ్మ ఆరు నెలలపాటు ఏ నివేదిక మీదా సంతకం పెట్టకూడదని ఇంకో కాగితం వచ్చింది. రెండు కంపెనీలు వేరే వాళ్ళను చూసుకున్నాయి. పెద్దసారు ఆమెను తీసెయ్యలేదు. కానీ విచారణ రోజు గురించి ఆమెతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. పాత నివేదికలన్నీ తీసి, ఫొటో లేని టిక్కులు వెతకమన్నాడు. ఇంకో రెండు దొరికాయి. ఆ రెండూ ఆమెవి కావు, ఆమె రాకముందువి. వాటిని చూసి ఆయన చాలాసేపు కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాడు. మర్నాడు ఆయనే స్వయంగా బోర్డుకు ఉత్తరాలు రాసి పంపించాడు. ఫోన్ మోగినప్పుడల్లా ఆఫీసులో అందరూ ఒక్క క్షణం పని ఆపడం అలవాటైపోయింది. చెవులమ్మకు రాత్రుళ్ళు సగం సగం నిద్ర.

మూడో ఇంటావిడ ఒకసారి ఫోన్ చేసింది. మెచ్చుకుంటుందేమోనని చెవులమ్మ మనసులో ఓ మూల ఆశ. “అన్నదమ్ములు మాటల్లేకుండా ఉన్నారమ్మాయ్” అందామె. “నేనే నీతో చెప్పించానని మా మరిది అనుకుంటున్నాడు. నాకు ఏం తెలుసని? ట్యాంకు సంగతి అడిగావు, చెప్పాను.” తిట్టలేదు. దీవించనూ లేదు. అత్తమ్మ బాగానే ఉందా అంటే, బాగానే ఉంది అని పెట్టేసింది.

అయిదో నెలలో మరిది ఆఫీసుకు వచ్చాడు. గుట్ట మీదికి వేసే రోడ్డు కొంత ఆయన చేను అంచున పోతుంది, దాని మీద తిరిగే లారీల చప్పుడు లెక్క కట్టేది ఈ ఆఫీసే; ఆ కాగితాల పని మీద పెద్దసారు కోసం వచ్చాడు. పెద్దసారు లేడు. చెవులమ్మే కుర్చీ చూపించింది. ఆయన కూర్చుని, ఆమెను గుర్తుపట్టి, లేచి వెళ్ళిపోవాలా అన్నట్టు తలుపు వైపు చూశాడు. వెళ్ళలేదు.

“ఒకటి అడగొచ్చా మేడం?” అన్నాడు.

“అడగండి.”

“ఆ మర పెట్టి ఉంటే మా అన్నయ్య ఇంట్లో నిజంగా అంత వినబడేదా? కాగితం మాట కాదు. మామూలుగా చెప్పండి.”

“పగలు తెలిసేది కాదండీ. రాత్రి గాలి తక్కువున్నప్పుడు, కిటికీ తెరిచి పడుకుంటే వినబడేది. ఉండుండి వూఫ్, వూఫ్ అని. నిద్ర పట్టేవాళ్ళకి పట్టేస్తుంది. పట్టనివాళ్ళకి అదొక్కటే వినబడుతుంది.”

“నాది మొద్దు నిద్ర” అన్నాడు ఆయన. “నెత్తిన డప్పు కొట్టినా లేవను. మా అమ్మకే చీమ నడిచినా మెలకువ.” నేల వైపు చూశాడు. “అమ్మ సంగతి నేను ఆలోచించలేదు. అన్నయ్య ఆలోచించాడో లేదో అడగలేదు. మర వస్తుందని ఒకటే హడావిడి.”

చెవులమ్మ మంచినీళ్ళ గ్లాసు ఆయన ముందుకు జరిపింది. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

“మీరు ఆ టిక్కు పెట్టకుండా ఉంటే, ముందే తెలిసేది. నేను ఆశ పెట్టుకునేవాణ్ణి కాదు.” ఇది కోపంగానే అన్నాడు.

“అవునండీ” అంది.

ఆ జవాబుకు ఆయన సిద్ధపడి రాలేదేమో, చేతిలోని కాగితాలు ఒకసారి సర్దుకున్నాడు. ఆ తర్వాత కాగితాలు బల్ల మీద పెట్టి, “సారు వస్తే ఇవ్వండి. రోడ్డు ఎక్కణ్ణుంచి పోతుందో కంపెనీవాళ్ళు గీత గీసి ఇచ్చారు. మీరొచ్చి ఓసారి చూస్తారా? మా అన్నయ్య గట్టుకి ఎంత దూరమో కొలవాలి. ఈసారి ఆయన్ని కూడా పిలుస్తాను” అన్నాడు.

“సంతకం పెట్టే హక్కు నాకింకా రాలేదండీ.”

“సంతకం అక్కర్లేదు. టేపు పట్టుకుంటే చాలు.”

సోమవారం వస్తానని ఆమె చెప్పింది. ఆయన మెట్లు దిగుతూ ఎవరికో ఫోన్ చేశాడు. అవతల ఎత్తలేదు కాబోలు, కింద గేటు దగ్గర ఆగి మళ్ళీ చేశాడు.